లాకు మడుగులో మైలడి నడక

కాలువ కట్టేసిన వేసవిలో ఆ ఊరి గొడ్లకు నీళ్ళంటే, కాలువ నీటిని తలుపులతో ఆపే లాకు కింది మడుగు ఒక్కటే. మిగతా కాలువ ఎండి, బీటలు వారి, అడుగున గుల్లలు తేలి ఉండేది. మడుగుకు ఇవతల గట్టున ఊరు, గొడ్లరేవు. అవతల గట్టున తుమ్మ డొంక. నడుమ ఒక మట్టిదిబ్బ. అవతలి గట్టు నుంచి ఎండిన అడుగు మీదుగా ఆ దిబ్బ మీదికి నడిచి రావచ్చు. ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకొచ్చి పడేసేది తుమ్మ డొంకలోనే. అందుకే ఒక గుంటనక్క అక్కడ కాపురం పెట్టింది.

గొడ్లరేవుకు దగ్గర్లో కోటిలింగం అనే రైతు పశువులపాక ఉంది. పాకలో మూడు జీవాలు. మైలడు, పుల్లడు అని ఒక ఎడ్లజత. కాటుకమ్మ అని ఒక పెద్ద గేదె.

మైలడు మంచి పనిమంతుడు. కాడి కింద మెడపెట్టాక వెనక్కి చూసి ఎరగడు. అయితే ఆ వేసవిలో పొలానికి పెంటబండి లాగుతుండగా తూము పక్క గుంటలో వెనక కాలు దిగబడి తుంటి పట్టేసింది. కాలు నేల మీద ఆనిస్తే ప్రాణం జిల్లుమనేది. పసరు పోశారు. కాపడం పెట్టారు. వాతలు కూడా వేశారు. కుంటు పోలేదు.

ఒకనాడు పశువుల బేరగాడు పాక ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏం లింగం, ఆ గొడ్డు ఇక కాడికి పనికొస్తుందంటావా?"

"ఏరువాక పున్నమి దాకా చూస్తాను. ఆ పొద్దు కాడి కింద నిలబడ్డాడా, ఉంటాడు. లేడా, నువ్వు తాడు తెచ్చుకో" అన్నాడు కోటిలింగం నేలచూపులు చూస్తూ.

"తాడొక్కటే ఏం చాలుతుంది? బండి కూడా తెస్తా. నడవలేనిదాన్ని ఎక్కించుకుపోవద్దూ!"

బేరగాడు నవ్వాడు. అతని బండెక్కిన గొడ్డు తిరిగి ఊరు చూసిందన్న మాట ఎవరూ వినలేదు. ఆ సంగతి మైలడికీ తెలుసు. నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది.

మర్నాటి మిట్టమధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళ, గడ్డివాము చాటు నుంచి నక్క తల బయటపెట్టింది.

"మామా, కులాసానా?"

"కులాసా అయితే పొలంలో మేస్తూ ఉండేవాణ్ణి కదా అల్లుడూ."

"అయ్యయ్యో! విన్నాను మామా, విని ఉండబట్టలేక వచ్చాను. ఆ కాలు ఇలా చాపు. ఆఁ... తుంటి! ఇదా సంగతి. తుంటంటే కుమ్మరి కుండ మామా. కదిపావా, పగులు పెరుగుతుంది."

"మరేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యవద్దంటాను. అదే మందు. పడుకో. మేత దగ్గరికి నువ్వు పోకు, మేతే నీ దగ్గరికి వస్తే తిను. ఏరువాక దాకా ఒంట్లో బలమంతా దాచుకో. దాచిన బలం ఆ పొద్దున ఒక్కసారిగా తన్నుకొస్తుంది చూడు, కోటిలింగం నోరెళ్ళబెట్టాలి!"

నొప్పి పడేవాడికి పడుకోమన్నవాడే దేవుడు. మైలడికి ఆ మాట బెల్లం ముక్కలా తోచింది.

"నక్క వైద్యం మన వంశంలో ఎవరైనా చేయించుకున్నారా అన్నా?" అన్నాడు పక్కనున్న పుల్లడు.

"నీ తుంటి బాగుంది కాబట్టి నీకు నవ్వులాట" అని కసిరి మైలడు పడుకున్నాడు.

పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండిపోయాడు. రోజూ మధ్యాహ్నం నక్క వచ్చేది. చుట్టూ తిరిగి చూసేది. "బాగుంది మామా, చాలా బాగుంది" అనేది. కాని బాగున్నదేదీ మైలడికి కనిపించలేదు. ఆకలి చచ్చింది. నిద్ర పట్టదు. వెనక తొడ కండ జారి, తోలు వేలాడింది. మొదట ఒక్క తుంటే పట్టేసింది, ఇప్పుడు మోకాళ్ళూ నడుమూ కూడా బిగుసుకున్నాయి. ఎద్దు పుండు కాకికి ముద్దంటారు. ఈ ఎద్దు కుంటు నక్కకు ముద్దయింది. బేరగాడు తీసుకుపోతే నక్కకు ఎముక ముక్క కూడా దక్కదు. పాకలోనే పోతే డొంకలో పండగ.

ఒక ఉదయం కాటుకమ్మ మడుగుకు పోబోతూ వాకిట్లో ఆగింది.

"ఒరే మైలా, లే."

"లేవలేను పెద్దమ్మా."

"లేవలేవా, లేవవా?"

మైలడు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఆ నక్క నీ వైద్యానికి ఏం పుచ్చుకుంటోందిరా?"

"ఏమీ లేదు. జాలి గుండె. ధర్మానికే చేస్తోంది."

"కూలి అడగని నక్కను నా జన్మలో చూడలేదు. సరే, దాని సంగతి దానిదే. నీ సంగతి చెప్పు. నాకు ఈనీ ఈనీ నడుం విరిగింది. గట్టినేల మీద నడిస్తే కీళ్ళన్నీ అరుస్తాయి. అయినా నేను తిరుగుతున్నాను, నువ్వు పడుకున్నావు. ఎందుకంటావు?"

"నువ్వు రోజూ మడుగులో పొర్లుతావు కాబట్టి" అన్నాడు మైలడు, కొంచెం వెటకారంగా.

"పొర్లడం నీ కంటబడింది. పొర్లేముందు ఆ కొస నుంచి ఈ కొసకు నీళ్ళలో నడవడం నీ కంటబడలేదు. నాతో రా. నడువు."

"నేనా? నీళ్ళలోనా? ఎద్దు ఎండకు లాగితే దున్న నీళ్ళకు లాగిందట. నీళ్ళు మీ జాతివి పెద్దమ్మా. మేం దిగేది ఒళ్ళు కడిగించుకోవడానికే. నలుగురూ చూస్తే మైలడు గేదెల్లో కలిశాడంటారు."

"బేరగాడి బండెక్కాక నువ్వు ఎద్దువో గేదెవో ఎవడడుగుతాడురా?"

ఆ మాట మైలడికి వాత కన్నా గట్టిగా తగిలింది. ముందు కాళ్ళ మీద బలం పెట్టాడు. వెనక భాగం లేవలేదు. మళ్ళీ పెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూలుగుతూ, తూలుతూ లేచి నిలబడ్డాడు. ఎక్కడికీ పోలేని గొడ్డని అతన్ని ఎవరూ కట్టుగొయ్యకు కట్టలేదు. అమ్మేద్దామనుకున్న గొడ్డు వంక మనిషి తిన్నగా చూడడు. కోటిలింగం గడ్డి విసిరి వెళ్ళేవాడు, అంతే.

పాక నుంచి రేవు దాకా ఆ కాస్త దూరం మైలడికి ఊరవతలి పొలమంత దూరమైంది. నీళ్ళ అంచున మళ్ళీ ఆగాడు. గిట్టల కింద బురద జారుతోంది. పడితే లేపే దిక్కు లేదు.

"భయమేస్తోందా?" అంది కాటుకమ్మ ముందుకు దిగుతూ.

"లేదు."

"వెయ్యాలి. నీళ్ళంటే భయం లేనివాడు నీళ్ళ పాలవుతాడు. అంచునే నా వెంట రా. పొట్ట మునిగేదాకా చాలు. ఆపైన ఒక్క అడుగు వద్దు."

నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. తొడలకొచ్చాయి. పొట్టకు తగలగానే చల్లదనానికి మైలడు బుస్సుమన్నాడు. అంతలో ఒక వింత జరిగింది. ఒళ్ళు తేలికైంది. కుంటికాలు ముందుకు వేశాడు. గట్టినేల అయితే వేసిన అడుగును తిరిగి తుంటికి కొట్టేది. ఇక్కడ నీరు సగం బరువు తను మోసి, అడుగును మెత్తగా కిందికి దించింది. నొప్పి లేకపోలేదు. అయితే ఓర్చుకోగలిగినంతే ఉంది.

"పెద్దమ్మా! కాలు ఆనింది!"

"ఆనితే అక్కడే నిలబడతావేం? బురద పట్టుకుంటుంది. నడువు."

"నీరు ఎదురు తోస్తోంది."

"తొయ్యనీ. నువ్వూ తొయ్యి. చేలో నాగలి లాగితే కండ పడుతుంది. ఇక్కడ నీరే నీకు నాగలి. చేలో మాత్రం ఒక వైపే బరువు. ఇక్కడ ముందూ వెనకా పక్కలా అన్ని వైపులా బరువే. ఏ కండా తప్పించుకోలేదు."

కాస్త దూరం నడిచేసరికి మైలడికి ఊపిరి వేగమైంది. ఇంకా నడుస్తానన్నాడు. కాటుకమ్మ కొమ్ము అడ్డం పెట్టింది.

"ఊపిరి వేగం కావాలి, రొప్పు రాకూడదు. ఇవాళ్టికి గట్టెక్కు. ఒళ్ళు ఆరనిచ్చి మేత తిను. రేపు రా. ఎల్లుండి రా. ఒకనాడు బాగుందని రెండింతలు నడవకు. ఒకనాడు బాగాలేదని మానకు. ఒంటికి ఈ రెండూ పగవాళ్ళే."

ఆ రోజు మైలడు ఆబగా గడ్డి తిన్నాడు. చాలా కాలం తర్వాత తల వాల్చగానే నిద్రపోయాడు.

అది మొదలు పొద్దు పొడిచేసరికి ఇద్దరూ మడుగులో ఉండేవారు. మొదట అంచునే నడక. తర్వాత మడుగు మలుపు దాకా. తర్వాత కాలు ఎత్తి ఎత్తి వేయడం. బిగుసుకున్న కీళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. వేలాడిన తోలు కింద కండ పడసాగింది. ఛాతీ నిండా ఊపిరి ఆడసాగింది. బద్ధకించిన రోజు లేకపోలేదు. అప్పుడు కాటుకమ్మ బతిమాలేది కాదు, తోక విసిరి ముందుకు పోయేది. మైలడు సిగ్గుపడి లేచేవాడు.

ఇదంతా నక్క మట్టిదిబ్బ మీద కూర్చుని చూసింది. ముందు దాని కడుపు మండింది. తర్వాత బుర్ర తిరిగింది. చేతికందిన కూడు జారిపోతుందనుకున్నప్పుడు నక్క ఏడవదు, దారి మారుస్తుంది.

"శభాష్ మామా!" అని దిబ్బ మీద నుంచే కేక పెట్టింది. "నేను పడుకోబెట్టి పెంచిన బలం ఇప్పుడు నీళ్ళలో పని చేస్తోంది చూశావా? వైద్యం నాది, వ్యాయామం అత్తది!"

మైలడు మెత్తటివాడు. నిజమే కాబోలనుకున్నాడు. కాటుకమ్మ మాత్రం చెవులు విదిలించుకుని ముందుకు నడిచింది.

ఏరువాక పున్నమి దగ్గరపడింది. పున్నమి ముందటి సాయంత్రం బేరగాడు చెప్పినట్టే బండి తోలుకొచ్చి, పాక ఎదురుగా చక్రాలకు రాళ్ళు పెట్టి నిలిపాడు. మైలడు ఆ బండి పలకలు చూశాడు. వాటి మీద ఎన్నో గిట్టలు గీరిన గీతలున్నాయి.

అదే సాయంత్రం లాకు మీద ఇద్దరు పనివాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "పొద్దున్నే తలుపులెత్తమని కబురొచ్చింది. కొత్తనీరు వదిలేస్తున్నారు." ఆ మాట మైలడి చెవిన పడలేదు. లాకు కింద పొంచి తిరుగుతున్న నక్క చెవిన పడింది.

తెల్లవారింది. మైలడికి కన్ను మూతపడలేదు. పండగపూట కావడంతో కాటుకమ్మను పెందలాడే పాలు పిండడానికి అవతల వాకిట్లో కట్టేశారు. ఆమె వచ్చేదాకా ఆగుదామనుకున్నాడు గాని, ఎదురుగా బండి ఉంటే ఆగడం ఎవరి తరం? ఒంటరిగానే రేవుకొచ్చాడు. నక్క అప్పటికే దిబ్బ మీద ఉంది.

"ఇవాళేగా మామా?"

"ఇవాళే అల్లుడూ."

"ఏదీ, ఆ రేవు ఏటవాలు మీద నడిచి చూపించు."

మైలడు నడిచాడు. నొప్పి పెద్దగా లేదు. కాని అడుగులో ఇంకా చిన్న తొట్రు ఉంది.

నక్క నాలుక చప్పరించింది. "అయ్యో మామా. నా కన్నుకే తెలుస్తోంది. బేరగాడి కంటికి తెలియదా?"

మైలడు ఆ కాలు మళ్ళీ ఒకసారి ఆనించి చూసుకున్నాడు. "ఎండ పడితే కాలు ఇంకా సాగుతుందంది పెద్దమ్మ."

"సాగుతుంది, సాగుతుంది. నిదానంగా ఓ నెలకు సాగుతుంది. నీకున్నది ఓ జామే. మామా, తెలివిగలవాడివి, లెక్క నువ్వే చెయ్యి. పొట్టలోతు నీళ్ళు ఇంత మేలు చేస్తే మెడలోతు నీళ్ళు ఎంత మేలు చెయ్యాలి? అదిగో, లాకు తలుపుల కింద మంచి లోతుంది. ఒక్కసారి అటు పోయి నడిచి రా. తొట్రు మాయం."

"పొట్ట దాటి ఒక్క అడుగు వద్దంది పెద్దమ్మ."

"ఆమెకేం మామా. ఆమె కోసం బండి రాలేదుగా!"

భయపడ్డవాడి చెవికి తొందరపెట్టే మాటే సలహాలా వినిపిస్తుంది. మైలడు వెనక్కి తిరిగి వాకిలి వైపు ఒకసారి చూశాడు. కాటుకమ్మ జాడ లేదు. ముందుకు దిగాడు. పొట్ట దాటింది. మూపురం దాటింది. మెడ దాటింది. లాకు తలుపుల పాచి వాసన ముక్కుకు కొట్టింది. గిట్టల కొసలు మాత్రమే నేలను తాకుతున్నాయి.

"ఇంకొంచెం మామా, ఇంకొంచెం!"

అప్పుడు పైన ఇనప చక్రం కిర్రుమంది.

మైలడు తలెత్తాడు. తలుపు అడుగున తెల్లటి గీత కనిపించింది. ఆ గీత లావైంది. మరుక్షణం నురుగుతో, హోరుతో, ఏడాది చెత్తనంతా మోసుకుంటూ కొత్తనీరు అతని ఛాతీని గుద్దింది. కాళ్ళు నేలను వదిలేశాయి. ముక్కులోకి నీళ్ళు పోయాయి. ఆకాశం ఒకసారి, నురుగు ఒకసారి కనిపించాయి.

"కాళ్ళు కొట్టుకోకు మామా!" నక్క గొంతు వినిపించింది. "ఊరికే ఒళ్ళు వదిలెయ్! నీరే తీసుకొస్తుంది!"

మైలడు నీటి మీదికి తేలి దగ్గుతూ అటు చూశాడు. నక్క దిబ్బ కొసకు వచ్చి నిలబడింది. ముఖంలో ఆదుర్దా లేదు. నోటి కొస నుంచి చొంగ కారుతోంది. ఎన్ని మధ్యాహ్నాలు తన చుట్టూ తిరిగి "బాగుంది" అన్నదో, ఏది బాగుందో, కూలి ఎందుకు అడగలేదో, అన్నీ ఆ చొంగలో ఒక్కసారిగా తెలిశాయి.

ఇంతలో గట్టు మీద నుంచి కాటుకమ్మ అరుపు. పలుపుతాడు తెంపుకొచ్చింది, సగం తాడు మెడలో వేలాడుతోంది.

"మైలా! నీటి వాలుకు ఎదురు పోకురా! నేల వెతుక్కో! అడ్డంగా, ఏటవాలుగా రా!"

మైలడు గాలి పీల్చి కాళ్ళు కిందికి చాపాడు. లేదు. మళ్ళీ చాపాడు. లేదు. నీరు అతన్ని దిబ్బ వైపు నెట్టుకుపోతోంది. మూడోసారి కుంటికాలి గిట్టకు బురద తగిలింది. రోజూ నడిచిన మలుపు అది. ఆ కాలే ఊని, మిగతా మూడింటినీ కిందికి దించాడు. తుంటి కలుక్కుమంది గాని విడిపోలేదు. వేసవిలో పడుకున్న కాలైతే అక్కడే మడతపడేది. నీళ్ళకు ఎదురు నడిచిన కాలు కాబట్టి నిలిచింది.

ప్రాణం కాస్త కుదుటపడేసరికి మైలడు ఇంకొకటి గమనించాడు. కొత్తనీరు చాలావరకు ఇటు మడుగులోకి వస్తోంది. అయినా ఒక పాయ దిబ్బకు అవతల ఎండిన అడుగు మీద పాకుతోంది. నక్క ఒక్కసారి వెనక్కి చూసిందా, రెండు దూకులు దూకి తన గట్టు చేరుతుంది. చూడకపోతే? చూడకుండా ఉంచేది ఏమిటి?

తన కూడు కళ్ళ ముందుంటే నక్క వెనక్కి చూడదు.

మైలడు తల నీటి మీద వాల్చాడు. కళ్ళు తేలేశాడు.

"అల్లుడూ... నా పని అయిపోయింది..."

"అంత మాట అనకు మామా!" అంది నక్క, ఇంకా కొసకు జరిగి.

"కాళ్ళు లేవడం లేదు... ఒక్క కోరిక. నన్ను కాకులకూ కుక్కలకూ వదలకు. చివరిదాకా నువ్వే దగ్గరుండు."

"ఉంటాను మామా! నీ మీద ఒట్టు, ఇక్కణ్ణించి కదలను. నువ్వు హాయిగా పో!"

పైన చూస్తే చచ్చిపోతున్న ఎద్దు తల. కింద, ఎర్రటి కొత్తనీటి అడుగున, నాలుగు కాళ్ళు నడుస్తున్నాయి. ఒక అడుగు వాలుతో, ఒక అడుగు గట్టు వైపు. నీరు దాచింది కాబట్టి నక్కకు తల మాత్రమే కనిపించింది. తల కాస్త కాస్త దూరమవుతుంటే ప్రవాహం లాక్కుపోతోందనుకుంది.

"మామా, అటు కాదు, ఇటు! ఇటు తేలు!"

"నా చేతిలో ఏముందల్లుడూ... అంతా నీటి దయ..."

నీటి దెబ్బకు ఒకసారి మైలడి మోకాలు మడతపడింది, ముక్కు మునిగింది, కాటుకమ్మ గట్టున "ఒరే!" అని గావుకేక పెట్టింది. మళ్ళీ లేచాడు. ఇంకో అడుగు. ఇంకో అడుగు. బురద పోయి రేవు గులకరాయి తగిలింది.

అప్పుడు నీళ్ళలోంచి ముందు మెడ లేచింది. తర్వాత మూపురం. తర్వాత వీపు. నీళ్ళు ఓడుస్తూ మైలడు నాలుగు కాళ్ళ మీద నిటారుగా రేవులో నిలబడ్డాడు.

నక్క నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత వెనక్కి తిరిగింది. దిబ్బకూ అవతలి గట్టుకూ నడుమ ఎండిన అడుగు లేదు. సుడులు తిరిగే నీళ్ళున్నాయి.

కొత్తనీరు వస్తే పసుపు కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని ఊరంతా గట్టు మీదికి రావడం అక్కడి ఆనవాయితీ. ఆ పొద్దున గట్టు నిండా జనం. ముందు వరసలో కోటిలింగం ఉన్నాడు. పక్కనే చేతిలో తాడుతో బేరగాడు. వాళ్ళందరి కళ్ళ ముందు, తడిసిన ఆ ఏటవాలు గట్టును మైలడు ఎక్కి వచ్చాడు. ఎక్కడా ఆగలేదు. చిన్న తొట్రు ఉంది, ఉన్నా కాలు పడిన చోట గట్టిగా పడింది.

"నీటి వాలుకు అడ్డంగా నడిచొచ్చిన గొడ్డును కుంటిదంటావా?" అన్నాడు కోటిలింగం. తల గుడ్డ తీసి మైలడి వీపు తుడవసాగాడు.

"అది సరే లింగం, మనం అనుకున్న మాట..."

"అనుకున్న మాటే. కాడి కింద నిలబడితే ఉంటాడన్నాను. వచ్చి చూసి పో. చూశాక బండి ఖాళీగా తోలుకో."

ఆ మధ్యాహ్నం కొమ్ములకు రంగు పూసి, మెడలో దండ వేసి మైలణ్ణి పుల్లడి పక్కన కట్టారు. కోటిలింగం నాగలి మేడి పట్టాడు. మొదటి సాలు వంకరగా వచ్చింది. రెండోది తిన్నగా వచ్చింది. బేరగాడు గట్టున కాసేపు నిలబడి, తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం పాకలో కాటుకమ్మ మైలణ్ణి మెచ్చుకోలేదు.

"మెడలోతుకు ఎవడు పొమ్మన్నాడురా నిన్ను? పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని తెలియదా?"

"తొందరపడ్డాను పెద్దమ్మా. ఇక పడను."

"మాటలు నాకొద్దు. రేపు పొద్దున రేవు అంచున కనబడు. ఏరువాక అయిందని నడక మానావో, సంక్రాంతి లోపల మళ్ళీ పడుకుంటావు."

"వస్తాను" అన్నాడు మైలడు. వెళ్ళాడు కూడా.

ఇక నక్క సంగతి. ఆ పొద్దున మైలడు గట్టెక్కుతుండగా మట్టిదిబ్బ చూస్తుండగానే కరిగింది. అరికాళ్ళు తడిసేసరికి, కొట్టుకొస్తున్న గుర్రపుడెక్క మొక్కల తెప్ప మీదికి అది దూకింది. తెప్ప నడి కాలువలో పడి ఊరి ముందు నుంచే సాగింది. ఇవతలి గట్టున జనం వెంట వచ్చిన కుక్కలన్నీ దాన్ని చూశాయి. వంతెన దాటి అవతలి గట్టుకూ కొన్ని పరుగెత్తాయి. ఇటు దిగితే కుక్కలు, అటు దిగితే కుక్కలు.

"ఏం అల్లుడూ, వైద్యుడివి, పడవెక్కి ఎటు ప్రయాణం?" అని కాటుకమ్మ గట్టు మీద నుంచి పలకరించింది.

"పొరుగూళ్ళో... రోగి... కబురు పెట్టాడత్తా!" అంది నక్క, తోక తడవకుండా ఎత్తి పట్టుకుని, పళ్ళు టకటకలాడిస్తూ.

ఒక ఊరి కుక్కలు ఆగిన చోట దిగువ ఊరి కుక్కలు అందుకున్నాయి. తెప్ప మలుపు తిరిగింది. ఆ ఏడాది తుమ్మ డొంకలో నక్క కూత వినబడలేదు.

ఒంటిని పడుకోబెట్టే తీపిమాట చావుకు చుట్టం, ఒంటిని నీటిలో నడిపించే చేదుమాట ఆయువుకు చుట్టం.